మరో మనిషి గొంతులో

పళ్ళ ఆసుపత్రి వీధి, పై వాటా
ఆదివారం

వదినా,

ఫోన్ చెయ్యొద్దు, ఉత్తరం రాయమని నువ్వు పెట్టిన షరతు ప్రకారమే రాస్తున్నాను. నా గొంతు వింటే అన్నయ్యే మాట్లాడుతున్నట్టు ఉంటుందని నువ్వన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆడదాని గొంతులో మగవాడు దూరడమేంటి అనుకున్నాను. ఇవాళ ఆ నవ్వు రావడం లేదు. ఎందుకో చెబుతాను. ముందు నువ్వెక్కడైనా కూర్చో.

మా డాక్టరమ్మ సంగతి నీకు తెలుసు కదా. వారమంతా జనం నోళ్ళు తెరిపించి పళ్ళు పీకుతుంది, నెలకో శనివారం సాయంత్రం అదే జనాన్ని పోగుచేసి కథలు చెప్పిస్తుంది. పాత నూలు గిడ్డంగి మేడ మీద పెద్ద హాలు ఉంది. చెక్క మెట్లు, ఎక్కుతుంటే ఒక్కోటి ఒక్కో రకంగా మూలుగుతాయి. అక్కడే కథల పందెం. మూడు నెలలు, మూడు విడతలు. మొదట్లో చాలామంది, తర్వాత కొందరు, ఆఖరికి ముగ్గురు మిగులుతారు. ఎవరికి జరిగింది వాళ్ళే చెప్పాలి. కాగితం చూడకూడదు. బల్ల మీద ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు ముగించాలి. దాటితే గంట. ఆ గంట కొట్టే పని నాకు అంటగట్టింది. "నీకు మొహమాటం తక్కువ, నువ్వే సరిపోతావు" అంది. పొగిడిందో తిట్టిందో ఆవిడకే తెలియాలి.

నిన్న మొదటి విడత. 'ఎత్తు' అన్న మాట మీద చెప్పాలన్నారు. ఒక దర్జీ తన ఎత్తు మడమల చెప్పుల గురించి చెప్పి అందర్నీ పొట్టచెక్కలయ్యేలా నవ్వించాడు. తర్వాత ఒక పొట్టిమనిషి లేచాడు. బట్టతల, మెడకి మఫ్లరు. ఇక్కడివాడు కాదట, ఈ పందెం కోసం వచ్చి బస్టాండు దగ్గర గది తీసుకున్నాడట. గొంతు ఎలా ఉందంటే గరుకు కాగితంతో చెక్కని రుద్దినట్టు ఉంది. ఐనా మొదటి మాటకే హాలు సద్దుమణిగింది.

"మా నాన్న దుకాణాలకి బోర్డులు రాసేవాడు" అన్నాడు.

నాకేం అనిపించలేదు. చాలామంది నాన్నలు బోర్డులు రాస్తారు.

"ఒకరోజు ఆయనకి జ్వరం. మందుల షాపు బోర్డు సగంలో ఆగిపోయింది. నేనింకా నిక్కర్ల వయసువాణ్ణి. రంగు డబ్బా పట్టుకుని నిచ్చెనెక్కాను. అబ్బే, అది కాదు సంగతి. ఎక్కడం తేలికే. పైకెళ్ళాక కిందకి చూశాను, అదీ నా తప్పు."

అలా అంటూ అచ్చం అన్నయ్యలాగే ఎడమ చెవి తమ్మె పట్టుకుని లాగాడు. నా చేతిలో గంట చల్లబడిపోయింది వదినా.

"కాళ్ళు వణుకుతున్నాయి. నిచ్చెన కూడా వణుకుతోంది. అప్పుడు కింద మా చెల్లి తన జడకున్న రిబ్బను ఊడదీసి, నిచ్చెన కాలుని కరెంటు స్తంభానికి కట్టేసింది. 'ఇంక పడవులే, ముడేశాను' అని అరిచింది మా పిచ్చుక."

జనం నవ్వారు. నేను ఆ రిబ్బను రంగు కూడా చెప్పగలను. నాన్న పోయారు. ఆ రోజు అక్కడున్నది నేను, అన్నయ్య. నన్ను పిచ్చుకా అని పిలిచిన నోరు ఈ లోకంలో ఒక్కటే. అది ఏడేళ్ళ కిందట వంతెనకి రంగు వేసే పనికెళ్ళింది. "పొద్దున్నే మూట సర్దుకుని ఎటో పోయాడమ్మా" అని ఆ మేస్త్రీ చెప్పిన ముక్క తప్ప దాని గురించి మనకింకేమీ తెలియదు.

ఇసుకంతా కిందకి జారిపోయింది. నేను గంట కొట్టలేదు. డాక్టరమ్మ మోచేత్తో పొడిచాక కొట్టాను. ఆయనకే అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి.

ఏం చెయ్యను? వెంటనే రాయి.

నీ
చిట్టి

&nbsp;

కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది

చిట్టీ,

నీ ఉత్తరం కళ్ళ పరీక్ష కుర్చీలో కూర్చుని చదివాను. అక్షరాలు రెండుగా కనబడితే జోడు మార్చే టైమొచ్చిందనుకున్నాను. జోడు బాగానే ఉంది.

నువ్వు కాస్త నెమ్మదించు. మీ అన్నయ్య నోటికి తలుపుందా, గడియుందా? బస్సులో పక్క సీటువాడికి మన పెళ్ళి కబుర్లు మొదలుపెట్టి, వాడి స్టాపు దాటిపోయేదాకా చెప్పేవాడు. ఆ నిచ్చెన కథ ఎంతమందికి చెప్పి ఉంటాడో లెక్కేముంది? విన్నవాళ్ళలో ఒకడికి జ్ఞాపకశక్తి ఎక్కువై ఉంటుంది. కథలు కాజేయడానికి తాళాలు బద్దలు కొట్టక్కర్లేదు. చెవి లాక్కోవడం అంటావా, మా షాపుకొచ్చేవాళ్ళలో సగంమంది చెవులు లాక్కుంటూనే ఉంటారు, జోడు కాడలు నొక్కుతున్నాయని.

నా వైపు అంతా మామూలే. వెనక గది పైకప్పు కారుతోందని చెప్పాను కదా, అద్దాలు అరగదీసే ఆయన ఎక్కి రేకు మార్చాడు. కొత్త పరీక్ష యంత్రం వచ్చింది. అది మనుషుల కళ్ళలోకి గాలి ఊదుతుంది, అందరూ నన్ను తిడుతున్నారు.

నువ్వు వేళకి తింటున్నావా? ఆ పళ్ళ పొడి వాసనకి ఆకలి చచ్చిపోతుందంటావు. అలా ఊరుకోకు.

ఆ మనిషి చేతులు ఎలా ఉంటాయి? ఊరికే అడుగుతున్నాను.

వదిన

&nbsp;

పళ్ళ ఆసుపత్రి వీధి, పై వాటా

వదినా,

చేతులు చిన్నవి. వేళ్ళు పొట్టిగా, లావుగా ఉంటాయి. అన్నయ్యలా తాటిచెట్టు మనిషి కాదు, ఆయన అన్నయ్య భుజం దగ్గరకొస్తాడు. మొహం వేరు, రంగు వేరు. కళ్ళు మూసుకుంటే మాత్రం అన్నయ్యే. గొంతు కాదు, గొంతు కీచుమని గీరుకున్నట్టుంటుంది. ఆ గొంతు నడిచే తీరు అన్నయ్యది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ మాట మింగేసి జనాన్ని ఎదురుచూసేలా చెయ్యాలో అంతా ఆ ఒరవడే. ఒకరి చొక్కా ఇంకొకరు తొడుక్కున్నట్టుంది.

నిన్న రెండో విడత. మాట 'అబద్ధం'.

"నా కళ్ళు గద్ద కళ్ళు" అని మొదలుపెట్టాడు. "కానీ మా పక్క వీధి కళ్ళజోళ్ళ దుకాణంలో ఒకావిడ అక్షరాల పటం పక్కన పుల్ల పట్టుకుని నిలబడి ఉండడం చూశాను. లోపలికెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. పై వరసలో పెద్దక్షరం ఒక్కటే కనబడుతోంది, మిగతావన్నీ మసకేనండీ అన్నాను. ఏదో జోడు పెట్టింది. మళ్ళీ వారం మళ్ళీ వెళ్ళాను, ఇంకా మసకేనన్నాను. అబ్బే, అది కాదు సంగతి. ఎన్ని వారాలైనా అబద్ధమాడేవాణ్ణే, ఆవిడే పుల్ల కింద పెట్టేసి, 'మీ కళ్ళు భేషుగ్గా ఉన్నాయి, బుద్ధే మసకబారింది. ఆదివారం దుకాణం మూత, అప్పుడు రండి' అంది."

హాలు చప్పట్లతో ఊగిపోయింది. నేను కూడా నవ్వాను వదినా, క్షమించు. నువ్వే ఎదురుగా నిలబడి అన్నట్టుంది. తర్వాత ఇంకో మాటన్నాడు. "అప్పటినుంచి ఆవిడ నాకు పెద్దక్షరం. మా గది నాలుగు గోడల మధ్య అలాగే పిలిచేవాణ్ణి, బయట మాత్రం మర్యాదగా ఉండేవాణ్ణి" అని. ఆ ముక్క ఆయన సొంతంగా అతికించి ఉంటాడు. అన్నయ్య నిన్ను అలా పిలవడం నేనెప్పుడూ వినలేదు.

అయ్యాక ఆయన వెనకే వెళ్ళాను. మూల మీద టీ కొట్లో ఆగాడు. టీ కావాలని వేలితో చూపించాడు, నోరు మెదపలేదు. బెంచీ మీద కూర్చుని నన్ను చూశాడు. అప్పుడు మాట్లాడాడు. పందెంలో మాట్లాడినట్టు కాదు. సన్నగా, పొడిపొడిగా, పరాయి భాష అప్పుడే నేర్చుకుంటున్నవాడిలా.

"పోయినసారి మీరు గంట ఆలస్యంగా కొట్టారు."

నేను కొంగు సర్దుకున్నాను.

"ఎందుకు?" అన్నాడు.

ఆ అడగడంలో ఏదో ఉంది. తలుపు కొట్టి, లోపల ఎవరైనా ఉన్నారా అని చెవి పెట్టి నిలబడతారు చూడు, అలా చూశాడు నా వైపు. నాకు భయమేసి గబగబా ఇంటికొచ్చేశాను.

చిట్టి

&nbsp;

కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది

చిట్టీ,

ఆ ముక్క అతికించింది కాదు.

ఆ పేరు మీ అన్నయ్యకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. బస్సులో పక్క సీటువాడికి చెప్పే కబురు కాదది. నీ ఉత్తరం మడిచి డ్రాయర్లో పెట్టి పనిలోకెళ్ళాను. ఒక పిల్లకి పరీక్ష చేస్తూ పుల్లతో పై అక్షరం చూపించాను. అలాగే పుల్ల పట్టుకుని నిలబడిపోయాను. ఆ పిల్ల తల్లి వెళ్ళి అద్దాలాయన్ని పిలుచుకొచ్చింది.

నీకు చెప్పనిది ఒకటుంది. ఇక దాచి లాభం లేదు. ఆ అద్దాలాయన నన్ను పెళ్ళి చేసుకుంటానన్నాడు. ఆయన భార్య పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. మాటలు తక్కువ మనిషి. ఆలోచించుకోమని ఏడాది ఊరుకున్నాడు. పోయిన నెల సరేనన్నాను. వానలు వెలిశాక రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్దామనుకున్నాం. నీతో ఎలా చెప్పాలో తెలియక పైకప్పు గురించి రాశాను.

మీ అన్నయ్య బతికుంటే నేను భార్యని. లేకపోతే విధవని. ఈ ఏడేళ్ళు నేను ఏదీ కాదు. జనం నన్ను పలకరించడానికి కూడా మాట వెతుక్కునేవాళ్ళు. ఏదీ కాకుండా ఉండడం నేర్చుకుని, దాని మీదే చిన్న బతుకు కట్టుకున్నాను. నువ్వు ఆ మనిషిని ఒక్క మాట అడిగావంటే అది నిలబడదు.

అడగొద్దు చిట్టీ. నీ కాళ్ళు పట్టుకుంటాను.

వదిన

&nbsp;

పళ్ళ ఆసుపత్రి వీధి

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. అభినందనలు.

మీ బతుకు కదలకూడదని మా అన్న ఏమయ్యాడో నేను తెలుసుకోకూడదా? మీకు ఇంకో భర్త దొరికాడు, సంతోషం. నాకు ఇంకో అన్న ఏ దుకాణంలో దొరుకుతాడో కాస్త చెప్పండి.

ఇక్కడ నేనెలా ఉన్నానో మీకు తెలియదు. ఆసుపత్రిలో నా పని పళ్ళ అచ్చులు పోయడం. పేషెంట్ల నోళ్ళు సున్నపు ముద్దతో అచ్చు తీసి అలమారలో వరసగా పెడతాను. ఏళ్ళ తరబడి చేస్తున్న పనే. ఇప్పుడు అలమార తలుపు తెరవాలంటే వణుకు. అన్ని తెల్లటి నోళ్ళు, అన్నీ తెరుచుకుని ఉంటాయి, దేన్ని చూసినా ఇప్పుడే పిచ్చుకా అంటుందేమో అనిపిస్తోంది. నిన్న డాక్టరమ్మ వెనకనుంచి పిలిస్తే చేతిలో అచ్చు జారి పగిలిపోయింది. ఎవరిదో పాపం, మళ్ళీ పిలిపించి నోరు తెరిపించాలి.

వచ్చే శనివారం ఆఖరి విడత. ఆయన ఉన్నాడు. అందరి ముందూ లేచి అడుగుతాను. ముందే చెబుతున్నాను, తర్వాత చెప్పలేదనకండి.

మీ ఆడపడుచు

&nbsp;

కళ్ళజోళ్ళ దుకాణం

చిట్టీ,

నీ 'గారు' అందింది. బాగానే గుచ్చుకుంది, అందుకే పెట్టావు కదా.

కోపం లేదు. రెండు రోజులు ఉంది, పోయింది. నువ్వన్నది నిజమే, నాకు భర్త, నీకు అన్న. ఒకే మనిషి పోయినా ఇద్దరికీ పోయింది ఒకటే కాదు. నిన్ను ఆపే హక్కు నాకు లేదు. అడుగు.

అద్దాలాయనకి అంతా చెప్పాను. ఆయన చేస్తున్న పని ఆపి, అద్దం తుడిచి పక్కన పెట్టి, "తెలుసుకోవాల్సిందే కదండీ" అన్నాడు. అంతే. మళ్ళీ యంత్రం తిప్పాడు.

నేను రాను. శనివారం మాకు రద్దీ ఎక్కువ. మీ అన్నయ్య బతికున్నాడని ఆ మనిషి అంటే ఉత్తరం రాయి, చదువుకునే తీరిక నాకు కావాలి. పోయాడంటే మాత్రం ఫోన్ చెయ్యి. నీ గొంతులోనే వింటాను. ఈ ఒక్కసారికి షరతు లేదు.

వదిన

&nbsp;

పళ్ళ ఆసుపత్రి వీధి, పై వాటా
ఆదివారం ఉదయం

వదినా,

నిన్న సాయంత్రం నీకు ఫోన్ చేశాను. చాలాసార్లు చేశాను. మోగి మోగి ఆగిపోయింది. నేనెందుకు చేశానో నీకు తెలుసు. అందుకే ఎత్తలేదనుకుని రాస్తున్నాను.

ఆఖరి విడత మాట 'తిరుగు దారి'. హాల్లో నిలబడ్డానికి చోటు లేదు. ముందు బేకరీ ఆవిడ చెప్పింది, తప్పిపోయిన కుక్కని వెతుక్కుంటూ వెళ్ళి ఆవిడే దారి తప్పితే, కుక్క ముందు ఇల్లు చేరి గుమ్మంలో ఆవిడ కోసం ఎదురుచూసిందట. తర్వాత దర్జీ. తర్వాత ఆయన లేచి మఫ్లరు విప్పాడు. ఎప్పుడూ విప్పలేదు. గొంతు మధ్యలో అడ్డంగా పెద్ద కుట్టు మచ్చ ఉంది.

ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తాను. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేను.

"వంతెన మీద రంగు వేస్తుంటే తాడు తెగింది. నీళ్ళలో పడ్డాననుకున్నాను, అబ్బే, రాళ్ళ మీద పడ్డాను. కళ్ళు తెరిచేసరికి ధర్మాసుపత్రి. నడుం కింద కాళ్ళున్నాయి, నావి కావు. పడేసి పోయిన మేస్త్రీ ఏదో పేరు రాయించి వెళ్ళాడు, నేను దిద్దలేదు. పక్క మంచంలో ఒక బస్సు కండక్టరు. గొంతులో పుండుకి కోత పెట్టారు. వాడు మాట్లాడలేడు, నేను కదల్లేను. ఇద్దర్నీ కలిపితే ఒక మనిషి. వాడు నాకు నీళ్ళు అందించేవాడు, నేను వాడికి కథలు అందించేవాణ్ణి. నిచ్చెన కథ, కళ్ళజోళ్ళ కథ, అన్నీ. ఊరి పేరు చెప్పలేదు, ఇంటి పేరు చెప్పలేదు. ఒకరోజు వాడు పలక మీద రాసి చూపించాడు, 'ఇంటికి కబురు పంపనా?' అని. నేను పలక తుడిచేశాను. వాళ్ళు నేను పారిపోయాననుకుంటున్నార్రా, పారిపోయినవాణ్ణి తిట్టుకుంటూ హాయిగా బతకొచ్చు, మంచాన పడ్డవాణ్ణి మోసుకుంటూ బతకడం కష్టం అన్నాను. వాడు కళ్ళెర్రజేశాడు. మాట ఉంటే నన్ను తిట్టేవాడే. అది నా అదృష్టం."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"రెండు వానాకాలాలు అలా గడిచాయి. ఒక ఉదయం కిటికీ తెరవరా, వాన వాసన వస్తోంది అన్నాను. వాడు లేచి తెరిచాడు. వాడు వెనక్కి తిరిగేసరికి నేను పోయాను."

గడియారంలో ఇసుక ఇంకా కారుతూనే ఉంది. మార్కులు వేసేవాళ్ళలో ఒకాయన లేచి, "ఆగండి, మీరు పోవడమేంటి?" అన్నాడు.

ఆయన చెయ్యి చెవి మీదే ఉండిపోయింది. చాలాసేపటికి దింపాడు. ఆ సన్నటి, పొడి గొంతుతో అన్నాడు, "పక్క మంచం నాది."

తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పాడు. గొంతు తిరిగొచ్చాక మాట్లాడడం మళ్ళీ నేర్పించారట. నోరు తెరిస్తే తన తీరు రాలేదట. అన్నాళ్ళూ విన్నది ఒక్కడినే, వాడి తీరే వచ్చిందట. వాడివాళ్ళెవరో తెలియదు. కథల పందేలు ఎక్కడ పెడితే అక్కడికి వెళ్ళి చెబుతున్నాడట. సొంత కథే చెప్పాలన్న నియమం కాబట్టి 'నేను' అనే చెప్పేవాడట.

"ఎవరైనా లేచి అది మావాడి కథ అంటారేమోనని చూస్తుంటాను. ఇన్నేళ్ళలో ఎవరూ లేవలేదు. ఇక్కడ ఒకరు గంట కొట్టడం మర్చిపోయారు" అని నా వైపు చూశాడు.

నేను లేచాను వదినా. అడగాలని ఎన్నో దాచుకున్నాను, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అని. ఒక్కటీ గుర్తు రాలేదు.

"నొప్పి ఉండేదా?" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ ఆ తీరు వచ్చింది.

"అబ్బే, అది కాదు సంగతి పిచ్చుకా. నడుం కింద ఏమీ తెలియదు. పైన, పొద్దున పూట కాస్త."

కప్పు బేకరీ ఆవిడకి ఇచ్చారు. నియమం నియమమేనంది డాక్టరమ్మ, ఏడుస్తూనే అంది. ఆవిడ తీసుకోనంటే చేతిలో కుక్కింది.

నీతో నేను మాట్లాడిన తీరు తలుచుకుంటే సిగ్గేస్తోంది. ఫోన్ ఎత్తు వదినా.

చిట్టి

&nbsp;

కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది

చిట్టీ,

ఫోన్ ఎత్తడానికి నేను ఇక్కడ లేను. మీ గిడ్డంగి మెట్ల మీద ఉన్నాను.

రానన్నాను, వచ్చాను. బస్సు దిగేసరికి మొదలైపోయింది. మెట్లెక్కాను, నువ్వన్నట్టే మూలిగాయి. పై మెట్టు దగ్గర తలుపు వేసి ఉంది. గొళ్ళెం మీద చెయ్యి వేశాను. లోపలనుంచి "తాడు తెగింది" అని వినబడింది.

తలుపు తియ్యలేదు. తీస్తే పొట్టిమనిషి, బట్టతల, వేరే మొహం కనబడుతుంది. వేసి ఉన్నంతసేపూ అవతల ఉన్నది మా ఆయనే. మెట్టు మీద కూలబడి తలుపుకి చెవి ఆనించాను. ఏడేళ్ళ తర్వాత ఆయన మాట్లాడుతుంటే విన్నాను. తను పోయిన సంగతి తనే చెప్పగా విన్నాను. ఎంతమంది ఆడవాళ్ళకి దొరుకుతుంది అది? అదృష్టమో శాపమో నాకింకా తేలలేదు. నువ్వు నొప్పి ఉండేదా అని అడిగావు. నేనూ అదే అడిగేదాన్ని. జవాబు విని లేచి దిగిపోయాను. నిన్ను చూడకుండా వచ్చేశాను, నన్ను తిట్టు.

సోమవారం ఆ వంతెన ఉన్న ఊరి ధర్మాసుపత్రికి వెళ్ళాను. అద్దాలాయన తోడు వచ్చాడు, లోపలికి రాకుండా గేటు దగ్గర నిలబడ్డాడు. వయసు మళ్ళిన నర్సమ్మ ఒకావిడకి గుర్తున్నాడు. "కథలాయనా? ఆయన వార్డులో ఉన్నన్నాళ్ళూ మాకు పని సాగేది కాదమ్మా, అందరం అక్కడే చేరేవాళ్ళం" అంది. మంచం చూపించింది. ఎవరో కుర్రాడు కాలికి కట్టుతో పడుకుని ఉన్నాడు. నేను కాసేపు ఆ కిటికీ దగ్గర నిలబడ్డాను. వచ్చేటప్పుడు బస్సులో కోపమొచ్చింది చిట్టీ, ఎప్పుడూ రానంత కోపం. మొయ్యగలనో లేదో నన్ను అడగాలి కదా. నా తరఫున తనే జవాబు చెప్పేసుకున్నాడు. ఏడేళ్ళు పారిపోయినవాడని తిట్టాను, ఆ తిట్లన్నీ వేరే మనిషికి పోయాయి. ఈ తిట్లు ఆయనవే. గట్టిగానే తిట్టాను, అద్దాలాయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. దిగేముందు ఏడుపొచ్చింది. విధవలు ఏడ్చినట్టు ఏడ్చాను. హాయిగా అనిపించింది.

మొన్న శుక్రవారం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు చేశాం. నీకు ముందు చెప్పలేదు, చెబితే నువ్వు రావాలో వద్దో తేల్చుకోలేక నలిగిపోతావని. ఇదిగో, నేనూ నీ తరఫున జవాబు చెప్పేసుకున్నాను. మీ అన్నయ్య దగ్గర నేర్చుకున్న జబ్బు.

ఒక్క మాట. ఆ కండక్టరు ఇంకా మీ దగ్గరే ఉన్నాడని డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వు ఆయన్ని రోజూ టీకి పిలుస్తున్నావట. నాకు తెలుసు ఎందుకు పిలుస్తున్నావో. నేను తలుపు తియ్యకపోవడానికి కారణం అదే. ఒకసారి తీస్తే నేనూ మూయలేను. కానీ ఆయన ఒక మనిషి చిట్టీ. మనకోసం తెచ్చిన మూట దించేశాడు. మళ్ళీ నెత్తిన పెట్టకు.

వదిన

&nbsp;

పళ్ళ ఆసుపత్రి వీధి, పై వాటా

వదినా,

పెళ్ళికి పిలవనందుకు నిన్ను ఎప్పటికీ క్షమించను. అద్దాలాయనకి నా నమస్కారాలు చెప్పు. అన్నయ్యా అని పిలవలేను, బావగారూ అంటానని చెప్పు. మీ పెళ్ళికి నా కానుకగా మీ ఇద్దరి పళ్ళూ ఉచితంగా చూపిస్తాను, డాక్టరమ్మని ఒప్పించాను.

నువ్వు రాసింది నిజమే. రోజూ టీకి పిలిచాను. మొదటి రోజే అడిగాను, "ఒక్కసారి పిచ్చుకా అనండి" అని. అన్నాడు. రెండో రోజు అన్నయ్య వంట చేసి మాడ్చిన కథ చెప్పించాను. మూడో రోజు కథ కూడా అక్కర్లేదు, వాతావరణం గురించి అన్నయ్యలా మాట్లాడండి అన్నాను. ఆయన కాదనలేదు. పాపం, ఎదురుగా కూర్చుని ఆ చెవి పట్టుకుని, మబ్బు పట్టిందని చెప్పాడు. నేను కళ్ళు మూసుకుని విన్నాను. పందెంలో విన్నదానికంటే అది పలచగా ఉంది. రోజు రోజుకీ పలచబడింది. నిన్న పిచ్చుకా అంటుంటే మధ్యలో ఆగిపోయి, "రావట్లేదమ్మా" అన్నాడు. చెవి మీదకి వెళ్ళిన చెయ్యి ఎందుకు వెళ్ళిందో తెలియనట్టు చూసుకున్నాడు. చెప్పాల్సినవాళ్ళకి చెప్పేశాక అది పోతోందేమో.

వదినా, నేను ఆయన మీద అరిచాను. నీ ఉత్తరం అప్పటికింకా రాలేదు. ఇంకోసారి ప్రయత్నించండి అని అరిచాను. ఆయన మఫ్లరు సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఇవాళ పొద్దున నీ ఉత్తరం చదివి ఆయన గదికి నేనే వెళ్ళాను. సంచీ సర్దుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నం బస్సుకి తన ఊరు వెళ్తున్నాడట. క్షమించమన్నాను. చెయ్యి ఊపాడు. ఇద్దరం కిటికీలోంచి బస్టాండు చూస్తూ కూర్చున్నాం. చివరికి, "మీది ఒక్క కథ చెప్పండి. మీకు జరిగింది" అన్నాను.

"నాకు చెప్పడం రాదు" అన్నాడు.

"గంట కొట్టనులెండి" అన్నాను.

మఫ్లరు వదులు చేసుకున్నాడు. తర్వాత ఆ పొడి గొంతుతో, నేలకేసి చూస్తూ చెప్పాడు. ఒకసారి వానలో బస్సు వెళ్తుంటే ఒక పసిపిల్ల బూటు కిటికీలోంచి పడిపోయిందట. పిల్ల ఏడుపు. బస్సు ఆపించి, ఈయన దిగి వెనక్కి వెళ్ళి వెతికాడట. బురదలో దొరికిందట. తిరిగి చూస్తే బస్సు లేదు. ఈయన ఎక్కాడనుకుని డ్రైవరు పోనిచ్చాడట. చుట్టూ ఒక్క ఇల్లు లేదు, వాన, చేతిలో చిన్న బూటు.

అక్కడ ఆపేశాడు. ఎక్కడ ఆపాలో తెలిసి ఆపడం కాదు, అయిపోయి ఆపాడు. నాకు నవ్వొచ్చింది. ఆయన కూడా, బెరుకుగా, నవ్వాడు. ఆ నవ్వు నేనెప్పుడూ ఎక్కడా చూడలేదు.

"తర్వాత?" అన్నాను.

"తర్వాత ఏముందమ్మా" అన్నాడు. "నడిచాను."

చిట్టి